పాత పెంటియం కంప్యూటర్‌లో విండోస్ 98 మళ్లీ వేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

డీటీపీ షాపుల్లో, చిన్న ప్రెస్సుల్లో, కొందరి ఇళ్లలో అటక మీద పెంటియం కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. వాటిని ఎందుకు కాపాడుకోవాలో వాటిలోని పని చూస్తే తెలుస్తుంది. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణంగా ఉండే సంకేతాలకు) సరైన చోటు దొరికింది 2001లో ఎక్స్‌పీ, దానితో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. అంతకు ముందు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, కాలేజీ మ్యాగజైన్లు, శుభలేఖలు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లతోనే కంపోజ్ అయ్యాయి. ఆ ఫైళ్లను ఫాంట్లు లేని ఇప్పటి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. అదే ఫాంటు, అదే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ పేజీలాగే వస్తుంది.

అలాంటి కంప్యూటర్ బూట్ కాకుండా మొరాయించినప్పుడు విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌ను మళ్లీ ఎక్కించడం ఎలాగో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెంటియం 2 లేదా 3 ప్రాసెసర్, 64 నుంచి 256 ఎంబీ ర్యామ్, ఐడీఈ (వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిపే పాత రకం) హార్డ్ డిస్కు, సీడీ డ్రైవ్, ఫ్లాపీ డ్రైవ్ ఉన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకున్నాను. సెలెరాన్‌కీ, ఏఎండీ కే6-2కీ దాదాపు ఇదే పద్ధతి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెబుతాను. పాత హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయకండి. దాన్ని బయటికి తీసి, కాపీ తీసి, భద్రంగా పెట్టి, వేరే డిస్కు మీద కొత్తగా విండోస్ వేయండి. ‘ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది’ అని ఎవరు చెప్పినా వినొద్దు. విండోస్ సీడీ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ డిస్కులోని పని మరెక్కడా దొరకదు.

## ఆన్ చేసే ముందు

ఏళ్ల తరబడి వాడని కంప్యూటర్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టి స్విచ్ వేయకూడదు. ముందు క్యాబినెట్ పక్క పలక విప్పండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ప్రాసెసర్ ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడండి, బిగుసుకుపోయి ఉంటే మార్చాల్సిందే. మదర్‌బోర్డు మీద, ముఖ్యంగా ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చూడండి. తల ఉబ్బినా, గోధుమ రంగు మరక కారినా ఆ బోర్డును ముందు రిపేరుకు ఇవ్వాలి. 1999 తర్వాత కొన్నేళ్ల పాటు తయారైన చాలా బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. అవి చెడితే విండోస్ ఎన్నిసార్లు వేసినా మధ్యలో ఆగిపోతుంది, తప్పు సీడీదో డిస్కుదో అనుకుంటాం.

వెనక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) మీద చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపే ఉందో లేదో చూడండి. 115 వైపు ఉంటే మన కరెంటుకు ఎస్‌ఎంపీఎస్ పేలిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి, లోపలి కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా షాక్ కొట్టగలవు.

బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ సీఆర్2032 రకం, 3 వోల్టులది. ఇన్నేళ్ల తర్వాత అది అయిపోయే ఉంటుంది. కొత్తది వేయండి. వేయకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ బయోస్ (ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) సెట్టింగులు పోతాయి, ఇన్‌స్టలేషన్ మధ్య రీస్టార్ట్‌లలో డిస్కు కనిపించకుండా పోవచ్చు. ఇంకా పాత బోర్డుల్లో పీపా ఆకారపు రీఛార్జబుల్ బ్యాటరీ ఉంటుంది. అది కారి చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే తీయించండి.

ర్యామ్ స్టిక్కులు బయటికి తీసి, వాటి బంగారు రంగు అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత వీలైతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పాత వెర్షన్‌ను ఫ్లాపీ నుంచో సీడీ నుంచో నడిపి ఒక పూర్తి రౌండ్ చూడండి. ఒక్క ఎర్ర లైను వచ్చినా ఆ స్టిక్ పనికిరాదు. ఫైళ్లు కాపీ అయ్యే దశలో వచ్చే ఎర్రర్లలో చాలావాటికి మూలం ర్యామే.

## పాత డిస్కులోంచి ఏమేమి తీసుకోవాలి

పాత విండోస్ ఎలాగోలా, కనీసం సేఫ్ మోడ్‌లో అయినా తెరుచుకుంటే మీ అదృష్టం. ముందు డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే, సౌండ్, నెట్‌వర్క్, మోడెమ్ కార్డుల పేర్లన్నీ కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత ప్రొడక్ట్ కీ. క్యాబినెట్ మీది స్టిక్కర్ చెరిగిపోయినా ఫర్వాలేదు. రెజ్‌ఎడిట్ (విండోస్ సెట్టింగుల పట్టిక చూపే ప్రోగ్రాం) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్ వరుసగా తెరుచుకుంటూ వెళ్తే కుడి వైపు ‘ప్రొడక్ట్‌కీ’ అన్న చోట 25 అక్షరాలూ మామూలుగా చదువుకునేలా ఉంటాయి. రాసుకోండి. పేజ్‌మేకర్ సీరియల్ నంబరు కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఇక డిస్కు కాపీ. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, డిస్కు విప్పండి. యూఎస్‌బీ నుంచి ఐడీఈకి మార్చే అడాప్టర్ ఒకటి కొనండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లా, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. డిస్కుకు విడిగా కరెంటు ఇచ్చే అడాప్టర్‌తో కలిపి అమ్మేదే కొనండి, 3.5 అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ కరెంటు చాలదు.

దీన్ని ఇప్పటి విండోస్ కంప్యూటర్‌కు కాక, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే లినక్స్‌కు తగిలించడం మంచిది. విండోస్ తనంతట తాను డిస్కు మీద ఏదో ఒకటి రాస్తుంది, ‘స్కాన్ చేసి సరిచేయనా’ అని అడుగుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కుకు ఆ పని ప్రమాదం. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది. అది డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా చదువుతుంది. చదవడం కష్టమైన చోట్లను మొదట వదిలేసి, తేలిగ్గా వచ్చేదంతా తీసుకున్నాక మళ్లీ వాటి దగ్గరికి వెళ్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వండి, మధ్యలో ఆగినా ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. ఏది చదివే డిస్కు, ఏది రాసే ఫైలు అన్నది ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు సరిచూసుకోండి. డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం అక్కడే ఆపేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

ఇమేజ్ చేతికి వచ్చాక 7-జిప్‌తో తెరిచి లోపలి ఫైళ్లు చూసుకోవచ్చు. మీకు కావాల్సింది నాలుగు వర్డ్ ఫైళ్లూ కొన్ని ఫోటోలే అయితే ఇక్కడితో పని అయిపోయినట్టే, విండోస్ 98 మళ్లీ వేయాల్సిన అవసరమే లేదు. పేజ్‌మేకర్ ఫైళ్ల కోసమో, ప్యారలల్ పోర్టుకు (పాత ప్రింటర్లు కలిపే చోట) లాక్ అనే చిన్న పరికరం తగిలిస్తే తప్ప నడవని సాఫ్ట్‌వేర్ కోసమో అయితే ముందుకు సాగండి.

ఇమేజ్‌లోంచి వీటిని విడిగా తీసి పెట్టుకోండి: విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరు మొత్తం, పాత డ్రైవర్ల (కార్డులను నడిపే ప్రోగ్రాముల) సమాచారం ఉండే ఇన్ఫ్ ఫోల్డరు, అందులో ‘అదర్’ అనే ఉపఫోల్డరు, మీ పని ఫైళ్లు. పేజ్‌మేకర్ 6.5 ఫైళ్ల చివర పీ65 అనీ, 7.0 ఫైళ్ల చివర పీఎండీ అనీ ఉంటుంది. ఇంకో సంగతి. పేజ్‌మేకర్ చాలా సందర్భాల్లో ఫోటోను ఫైలు లోపల దాచుకోదు, అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డరులో ఉందో మాత్రమే గుర్తుంచుకుంటుంది. పాత కంప్యూటర్‌లో ఫోటోలు డీ డ్రైవ్‌లో ఉంటే కొత్త డిస్కులోనూ డీ డ్రైవ్, అదే పేర్లతో ఫోల్డర్లు ఉండాలి. అందుకే పాత డిస్కులో ఎన్ని పార్టిషన్లు (డిస్కును విడదీసిన భాగాలు) ఉన్నాయో, ఏ అక్షరంతో ఏముందో రాసుకోండి.

## సమకూర్చుకోవాల్సినవి

విండోస్ 98 సీడీ సెకండ్ ఎడిషన్‌దే కావాలి. 1998లో వచ్చిన మొదటి ఎడిషన్ కన్నా 1999 నాటి ఈ ఎడిషన్ యూఎస్‌బీ, నెట్‌వర్క్ విషయాల్లో చాలా నయం. ఇన్‌స్టాల్ అయ్యాక మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 4.10.2222 ఏ అని కనిపిస్తే అది సెకండ్ ఎడిషనే. కంప్యూటర్‌తో పాటు ఇచ్చిన ఓఈఎం సీడీలు నేరుగా బూట్ అవుతాయి. డబ్బాలో విడిగా అమ్మినవి బూట్ కావు, వాటికి బూట్ ఫ్లాపీ కావాలి. విండోస్ 98 నడుస్తున్న ఏ కంప్యూటర్‌లోనైనా కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్, అందులో స్టార్టప్ డిస్క్ ట్యాబ్‌కు వెళ్లి దాన్ని చేసుకోవచ్చు.

డిస్కు పెద్దది ఉంటే మంచిదన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఆ కాలపు బయోస్‌లలో కొన్ని 8.4 జీబీ దగ్గర, కొన్ని 32 జీబీ దగ్గర ఆగిపోతాయి. 64 జీబీ దాటితే సీడీతో వచ్చే, పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాం సైజు తప్పు చూపిస్తుంది. 137 జీబీ దాటితే విండోస్ 98 సొంత డిస్కు డ్రైవరే దారి తప్పి డేటా పాడు చేస్తుంది. 10, 20 జీబీ పాత ఐడీఈ డిస్కు దొరికితే సరే. లేదంటే 8 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును ఐడీఈ అడాప్టర్‌లో పెట్టి వాడటం నా దృష్టిలో ఇంకా మేలు. చప్పుడు ఉండదు, వేడి ఉండదు. పని చెడితే కార్డు తీసి రీడర్‌లో పెట్టుకుని ఇప్పటి కంప్యూటర్‌లోనే కాపీ చేసుకోవచ్చు.

డ్రైవర్లను ముందే సేకరించి ఒక సీడీ మీద రాసుకోండి. పాత సీడీ డ్రైవ్‌లు సీడీ-ఆర్‌ను చదివినంత బాగా రీరైటబుల్‌ను చదవవు, కాబట్టి సీడీ-ఆర్ వాడి తక్కువ స్పీడులో రాయండి. కార్డు పేరు తెలియకపోతే ఒక చిట్కా ఉంది. అవార్డ్ బయోస్ ఉన్న కంప్యూటర్లు ఆన్ అయ్యేటప్పుడు పీసీఐ పరికరాల పట్టిక ఒకటి క్షణం పాటు చూపిస్తాయి. అప్పుడు పాజ్ కీ నొక్కితే తెర ఆగుతుంది. అందులో వెండర్ ఐడీ (తయారీదారు సంఖ్య) 8086 ఉంటే ఇంటెల్, 1106 అయితే వయా, 1039 అయితే సిస్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 5333 అయితే ఎస్3. పక్కనే ఉన్న డివైస్ ఐడీతో కలిపి నెట్‌లో వెతికితే సరైన డ్రైవర్ తెలుస్తుంది.

## కేబుళ్లు, బయోస్

కొత్త డిస్కును ప్రైమరీ ఐడీఈకి మాస్టర్‌గా, సీడీ డ్రైవ్‌ను సెకండరీకి మాస్టర్‌గా పెట్టండి. మాస్టరో స్లేవో (కేబుల్ మీద మొదటిదో రెండోదో) చెప్పే చిన్న ముక్క, జంపర్, ఎక్కడ పెట్టాలో డిస్కు మీదే బొమ్మ ఉంటుంది. 80 తీగల కేబుల్ అయితే నీలం కొస బోర్డుకు, నలుపు కొస మాస్టర్‌కు, బూడిద రంగుది స్లేవ్‌కు. ఎర్ర గీత ఉన్న అంచు ఒకటో పిన్ వైపు రావాలి. ఫ్లాపీ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఫ్లాపీ కేబుల్ తిరగబడిందని అర్థం. ఇన్‌స్టలేషన్ పూర్తయ్యే దాకా ఇంకే హార్డ్ డిస్కూ తగిలించకండి. రెండు డిస్కులుంటే డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయి, పొరపాటున వేరే డిస్కు చెరిగే ప్రమాదమూ ఉంది.

ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. తేదీ, సమయం సరిచేయండి. ఐడీఈ ఆటో డిటెక్ట్‌లో కొత్త డిస్కు సరైన సైజుతో కనిపించాలి. బూట్ వరుసలో ఫ్లాపీ, సీడీ, హార్డ్ డిస్కు ఉండాలి. ‘వైరస్ వార్నింగ్’ అనే ఆప్షన్ ఉంటే డిజేబుల్ చేయండి. అది బూట్ సెక్టార్ మీద రాతను అడ్డుకుంటుంది, సరిగ్గా విండోస్ సెటప్ చేసేది ఆ పనే. కీబోర్డు, మౌస్ పీఎస్/2 రకమైతే టెన్షన్ ఉండదు. వాటిని కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే తగిలించాలి.

## పార్టిషన్, ఫార్మాట్

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలతో, ఖాళీలూ గుర్తులూ అలాగే ఉంచి కొట్టండి.

ఫ్లాపీ నుంచి బూట్ అయితే మెనూలో మొదటిది, సీడీ సపోర్టుతో మొదలుపెట్టమనేది ఎంచుకోండి. బూటబుల్ సీడీ అయితే ముందు ‘బూట్ ఫ్రమ్ సీడీరామ్’, తర్వాతి మెనూలో నేరుగా సెటప్ కాకుండా సీడీ సపోర్టుతో మొదలుపెట్టే ఆప్షన్. కొంతసేపటికి డాస్ (కమాండ్లు కొట్టి వాడే పాత వ్యవస్థ) ఏ: ప్రాంప్ట్ వస్తుంది.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటి ఉంది. బూట్ ఫ్లాపీ 2 ఎంబీ ర్యామ్‌ను తీసుకుని దాన్నే ఒక డ్రైవ్‌గా చూపిస్తుంది, తన పనిముట్లను అందులో విప్పుకుంటుంది. డిస్కు మీద ఇంకా పార్టిషన్ లేదు కాబట్టి ఈ ఉత్తుత్తి డ్రైవ్‌కే సీ అన్న అక్షరం వస్తుంది. సీ డ్రైవ్ 2 ఎంబీనే చూపిస్తోందంటే డిస్కు చెడిందని కాదు. పార్టిషన్ చేసి రీస్టార్ట్ చేశాక సీ హార్డ్ డిస్కుకు వస్తుంది, ర్యామ్ డ్రైవ్ డీ అవుతుంది, సీడీ డ్రైవ్ ఈ అవుతుంది. రెండు పార్టిషన్లు చేస్తే ర్యామ్ డ్రైవ్ ఈ, సీడీ ఎఫ్.

‘ఎఫ్‌డిస్క్’ అని కొట్టండి. పెద్ద డిస్కు సపోర్టు కావాలా అని అడిగితే వై నొక్కండి, ఫ్యాట్32 (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) రావాలంటే ఇదే దారి. డిస్కు మీద పాత పార్టిషన్లు ఉంటే 3వ ఆప్షన్‌తో ముందు లాజికల్, తర్వాత ఎక్స్‌టెండెడ్, చివర ప్రైమరీ వరుసలో తీసేయాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌వో లినక్స్‌వో అయితే ‘నాన్-డాస్’ అన్న వరుసలో తీయాలి. తర్వాత 1వ ఆప్షన్‌తో ప్రైమరీ డాస్ పార్టిషన్ సృష్టించండి. మొత్తం సైజూ ఒకదానికే ఇవ్వాలా అంటే, డీ డ్రైవ్ కావాల్సినవారు ఎన్ నొక్కి ఎంబీలలో సైజు ఇవ్వండి.

సీ డ్రైవ్‌కు 8 జీబీ లోపు చాలు. అంతవరకు ఫ్యాట్32 క్లస్టర్, అంటే ఫైలుకు కేటాయించే కనీస చోటు, 4 కేబీ ఉంటుంది. ఆ పైన 8, 16 కేబీకి పెరిగి చిన్న ఫైళ్లకు కూడా చోటు వృథా అవుతుంది. మిగిలిన జాగాలో ఎక్స్‌టెండెడ్, దానిలో లాజికల్ డ్రైవ్. సైజు మీరే ఇచ్చారు కాబట్టి 2వ ఆప్షన్‌కు వెళ్లి ప్రైమరీని యాక్టివ్ చేయడం మరవొద్దు. యాక్టివ్ చేయకపోతే అన్నీ సవ్యంగా జరిగి చివర కంప్యూటర్ హార్డ్ డిస్కు నుంచి బూట్ కాదు.

రీస్టార్ట్ చేయండి. ‘ఫార్మాట్ సీ:’ కొట్టండి, డీ ఉంటే ‘ఫార్మాట్ డీ:’ కూడా. శాతం మెల్లగా పెరుగుతుంది. ఒకే చోట చాలాసేపు నిలిచి, అలొకేషన్ యూనిట్ రికవర్ చేస్తున్నానని చెబుతుంటే డిస్కులో చెడ్డ సెక్టార్లు ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టి మరో డిస్కు తీసుకోవడమే మంచిది.

## సెటప్

నేరుగా సీడీ నుంచి సెటప్ నడపకుండా, సీడీలోని విన్98 ఫోల్డరును ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. తర్వాత ఏ డ్రైవర్ వేసినా విండోస్ ‘సీడీ పెట్టండి’ అని అడుగుతుంది, ఫైళ్లు డిస్కులోనే ఉంటే ఆ బాధ ఉండదు. గీతలు పడ్డ సీడీ సెటప్ మధ్యలో చదవలేకపోయి అంతా ఆగిపోయే పరిస్థితీ రాదు. కాపీ దశలోనే తప్పు బయటపడుతుంది.

సీడీ డ్రైవ్ అక్షరం ఈ అనుకుందాం. ముందు ‘ఈ:\విన్98\స్మార్ట్‌డ్రైవ్’ నడపండి. ఆ ఫైలు పేరు డాస్ పద్ధతిలో కుదించి ఉంటుంది: ఎస్ ఎం ఏ ఆర్ టీ డీ ఆర్ వీ. ఇది డిస్కు క్యాష్, అంటే చదివినదాన్ని ర్యామ్‌లో దాచి వేగం పెంచేది. ఇది లేకపోతే డాస్‌లో కాపీ, సెటప్ రెండూ విసుగొచ్చేంత నెమ్మదిగా సాగుతాయి. తర్వాత ‘ఎండీ సీ:\విన్98’, దాని తర్వాత ‘కాపీ ఈ:\విన్98\*.* సీ:\విన్98’. పూర్తయ్యాక ‘సీ:’ కొట్టి, ‘సీడీ \విన్98’, ఆపై ‘సెటప్’. స్కాన్‌డిస్క్ ఒకసారి నడుస్తుంది, నడవనివ్వండి. ఏదైనా కారణంగా అక్కడే ఆగిపోతుంటే ‘సెటప్ /ఐఎస్’ అంటే దాన్ని దాటేస్తుంది.

ఇక్కడి నుంచి తెరలు తేలికే. ఫోల్డరు సీ:\విండోస్ అనే ఉంచండి, ప్రోగ్రాములు చాలావరకు ఆ పేరునే ఆశిస్తాయి. టిపికల్ ఎంచుకోండి. కీ ఇవ్వండి. దీనికి ఇంటర్నెట్ యాక్టివేషన్ ఏమీ లేదు. టైమ్ జోన్‌లో 05:30 ఉన్నది పెట్టండి. బూట్ ఫ్లాపీ చేయమంటారా అని అడిగితే, మంచి ఫ్లాపీ ఉంటే ఇప్పుడే చేసుకోండి. ఫైళ్ల కాపీ తర్వాత మొదటి రీస్టార్ట్‌లో డ్రైవ్‌లోని ఫ్లాపీ తీసేయండి.

హార్డ్‌వేర్ వెతికే దశలో కంప్యూటర్ బిగుసుకుపోవచ్చు. పది నిమిషాల పాటు డిస్కు లైటు కదలకపోతే పవర్ బటన్‌తో ఆపి, కాసేపాగి మళ్లీ ఆన్ చేయండి. రీస్టార్ట్ బటన్‌తో కాదు, పూర్తిగా ఆపాలి. సెటప్ తాను ఎక్కడ ఆగిందో ఒక లాగ్ ఫైలులో రాసుకుంటుంది, మళ్లీ వచ్చినప్పుడు ఆ పరికరాన్ని దాటి ముందుకు వెళ్తుంది. అక్కడే పదేపదే ఆగుతుంటే డిస్‌ప్లే కార్డు తప్ప మిగతా కార్డులన్నీ తీసేసి సెటప్ పూర్తి చేయండి. తర్వాత ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి.

ర్యామ్ 512 ఎంబీకి మించి ఉంటే మెమరీ చాలడం లేదన్న ఎర్రర్ వస్తుంది, ఉన్నది ఎక్కువైనందుకే. సిస్టమ్.ఇని ఫైలులో వీక్యాష్ (విండోస్ డిస్కు క్యాష్) పరిమితి పెట్టి దీన్ని సరిచేయవచ్చు. దాని కన్నా ఒక స్టిక్ తీసేయడం సులువు. విండోస్ 98కి 256 ఎంబీ పుష్కలం.

## డ్రైవర్లు, ఒక వరుసలో

డెస్క్‌టాప్ వచ్చింది కదా అని చేతికందిన డ్రైవరల్లా వేయకండి. వరుస ముఖ్యం. ముందు మదర్‌బోర్డు చిప్‌సెట్: ఇంటెల్ అయితే ఇంటెల్ వారి ఇన్ఫ్ యుటిలిటీ, వయా అయితే 4ఇన్1. ఇంటెల్ 440బీఎక్స్ బోర్డులను విండోస్ 98 తనంతట తానే గుర్తుపడుతుంది. 810 వంటి తర్వాతి చిప్‌సెట్లకు మాత్రం ఇది తప్పనిసరి. తర్వాత డిస్‌ప్లే, దాని తర్వాత సౌండ్, ఆఖర్న నెట్‌వర్క్, మోడెమ్. ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చేసి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పోయిందో లేదో చూసుకుని ముందుకు వెళ్లండి. డిస్‌ప్లే డ్రైవర్ పడేదాకా 16 రంగుల్లో, 640 బై 480లో పెద్ద పెద్ద ఐకాన్లు కనిపించడం సహజమే. గేములు కావాలనుకుంటే డైరెక్ట్ఎక్స్ 9.0సీ దాకా వేసుకోవచ్చు.

డివైస్ మేనేజర్‌లోనే హార్డ్ డిస్కు ప్రాపర్టీస్, సెట్టింగ్స్ ట్యాబ్‌లో డీఎంఏ (ప్రాసెసర్ మీద భారం లేకుండా డేటా బదిలీ చేసే పద్ధతి) పెట్టెలో టిక్ పెట్టండి. ఇది చాలామంది వదిలేస్తారు, పెట్టాక కంప్యూటర్ హుషారులో తేడా కనిపిస్తుంది. ఆ తర్వాత స్టార్ట్ కాకపోతే సేఫ్ మోడ్‌లో వెళ్లి టిక్ తీసేయండి. షట్‌డౌన్ దగ్గర ఆగిపోతుంటే సెకండ్ ఎడిషన్ కోసమే మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన షట్‌డౌన్ సప్లిమెంట్ వేయాలి.

పెన్‌డ్రైవ్ పెట్టగానే పని చేస్తుందని ఆశించకండి. విండోస్ 98లో పెన్‌డ్రైవ్‌లన్నిటికీ పనికొచ్చే డ్రైవర్ లేదు. అభిమానులు కూర్చిన ఎన్‌యూఎస్‌బీ అనే ప్యాకేజీ ఆ లోటు తీరుస్తుంది. అది వేసే ముందు డివైస్ మేనేజర్‌లోని పాత యూఎస్‌బీ డ్రైవర్లను తీసేయాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ ఈ విండోస్‌కు కనపడవు.

ఇంటర్నెట్‌కు మాత్రం కలపకండి. మైక్రోసాఫ్ట్ దీనికి సపోర్ట్ ఆపింది 2006 జూలై 11న. అప్పటి నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు, ఇప్పటి వెబ్‌సైట్లు ఇందులో తెరుచుకోవు కూడా.

## తెలుగు ఫైళ్లు తెరిచే దాకా

ముందు ప్రింటర్ ఒకటి ఇన్‌స్టాల్ చేయండి, నిజంగా ప్రింటర్ లేకపోయినా సరే. పేజ్‌మేకర్ పేజీని కూర్చేటప్పుడు ప్రింటర్ డ్రైవర్‌ను అడుగుతుంది. విండోస్ జాబితాలోంచి ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కు వివరించే భాష) లేజర్ ప్రింటర్‌ను ఎంచుకుని, పోర్టు దగ్గర ‘ఫైల్’ అని పెట్టండి. దీని ఉపయోగం కాసేపట్లో చెబుతాను.

ఆపై పేజ్‌మేకర్, తర్వాత మీ తెలుగు సాఫ్ట్‌వేర్. దానికి ప్యారలల్ పోర్టు లాక్ ఉంటే కంప్యూటర్ ఆపి తగిలించండి. లాక్ దొరకడం లేదని చెబితే బయోస్‌లో ప్యారలల్ పోర్ట్ మోడ్‌ను ఎస్‌పీపీ, ఈపీపీ, ఈసీపీల మధ్య మార్చి చూడండి. చివరగా పాత ఫాంట్స్ ఫోల్డరులోంచి ఫాంట్లు. అన్నీ ఒకేసారి కుమ్మరించకుండా, కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ ద్వారా మీరు వాడే తెలుగువే ఎక్కించండి. ఫాంట్లు మరీ ఎక్కువైతే విండోస్ 98 నెమ్మదిస్తుంది. ఒకే పేరున్న ఫాంటుకు వేర్వేరు వెర్షన్లు ఉంటే పాత డిస్కులోదే వాడండి. లేకపోతే లైన్లు జరుగుతాయి, ఒత్తులు చోటు మారతాయి.

పని ఫైళ్లను పాత అక్షరపు డ్రైవ్‌లో, పాత ఫోల్డరులోనే పెట్టి తెరవండి. ఫోటోలు అడగకుండా వచ్చాయంటే పార్టిషన్లు సరిగ్గా చేసినట్టే.

తెరుచుకున్న ఫైలును వెంటనే పీడీఎఫ్ చేయండి. పైన పెట్టుకున్న పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌కు ప్రింట్ ఇస్తే ఒక ఫైలు వస్తుంది. దాన్ని అక్రోబాట్ డిస్టిలర్‌లో గానీ, ఇప్పటి కంప్యూటర్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో గానీ పీడీఎఫ్‌గా మార్చుకోవచ్చు. ఫాంట్లు ఫైలులోనే పొదగమని చెప్పే ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. అలా చేసిన పీడీఎఫ్ ఏ ఫోన్‌లోనైనా తెలుగులోనే కనిపిస్తుంది. అయితే అందులో తెలుగు పదాలు వెతకడం, కాపీ చేయడం కుదరదు. దానికి అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి, మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ కళ్లతో సరిచూసుకోవాలి. పీడీఎఫ్ దగ్గర ఉంటే ఆ సరిచూడటం తేలికవుతుంది.

అన్నీ కుదిరాక కంప్యూటర్ ఆపి, కొత్త డిస్కు లేదా కార్డు తీసి, పాతదానికి చేసినట్టే దీనికీ ఒక ఇమేజ్ తీయండి. రెండు ఇమేజ్‌లనూ వేర్వేరు చోట్ల దాచండి. వాటి పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో ప్రొడక్ట్ కీ, పేజ్‌మేకర్ సీరియల్, బయోస్ సెట్టింగులు, ఏ డ్రైవర్ ఏ వరుసలో వేశారో రాసి పెట్టండి. రేపు ఈ కార్డు పోయినా అదే సైజుదో పెద్దదో ఇంకో కార్డు మీద ఆ ఇమేజ్‌ను రాసుకుంటే చాలు, సెటప్ మళ్లీ మొదటి నుంచి నడపాల్సిన పని ఉండదు.